ఆగిన పనికి ఒక గుర్తు

వృత్తం, బాణం, చతురస్రం, త్రిభుజం, ఇంకా ఇంగ్లిష్ అక్షరం డి. పని నడిచే తీరును బొమ్మగా గీయడానికి అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం 1947లో ప్రమాణంగా నిర్ణయించిన గుర్తులు ఈ ఐదే. వస్తువు మీద చెయ్యి పడి పని జరిగిన చోట వృత్తం. ఒకచోటి నుంచి మరొకచోటికి కదిలితే బాణం. సరిగ్గా ఉందో లేదో చూసే చోట చతురస్రం. భద్రంగా దాచిపెట్టిన చోట త్రిభుజం. ఇక డి ఆలస్యానికి. ఎవరూ ముట్టుకోకుండా, ఎక్కడికీ కదలకుండా, ఎవరి వంతు కోసమో పని ఊరికే పడి ఉన్న కాలానికి.

ఈ ఐదింటిలో నా మనసు నిలిచిపోయేది ఆ చివరి గుర్తు దగ్గరే. త్రిభుజం కూడా నిశ్చలమే గానీ అది కావాలని పెట్టుకున్న నిశ్చలం. అధికారం ఉన్నవాళ్లు అడిగితే తప్ప అక్కడి సరుకు కదలదు. డి అలా కాదు, అది ఎవరూ కోరని ఆగుడు. మిగతా గుర్తులు జరిగినదాన్ని చెబుతుంటే ఇదొక్కటే జరగనిదాన్ని చెబుతుంది. జరగనిదానికి కూడా కాగితం మీద జాగా ఇవ్వాలి, దానికీ ఒక ఆకారం ఉండాలి అనుకున్నవాళ్ల చూపు ఎంత సూక్ష్మమైనదో!

ఎదురుచూపును పట్టించుకోవడం మన సాహిత్యానికి కొత్త కాదు. అష్టవిధ నాయికల్ని ఒకసారి తలచుకోండి. అన్నీ సిద్ధం చేసుకుని ప్రియుడి రాక కోసం కూర్చున్నది వాసకసజ్జిక. రావలసిన వేళ దాటిపోయి తల్లడిల్లుతున్నది విరహోత్కంఠిత. రమ్మన్న చోటికి వెళ్తే అతను రాక వంచితురాలైనది విప్రలబ్ధ. భర్త దూరదేశం వెళ్లినది ప్రోషితభర్తృక. పైకి చూస్తే నలుగురూ ఎదురుచూస్తున్నవాళ్లే. లాక్షణికులు మాత్రం ఆ ఒక్క స్థితిలోనే నాలుగు ఛాయలు చూశారు. కారణం వేరైతే భావం వేరని, భావం వేరైతే పేరూ వేరు కావాలని పట్టుబట్టారు. ఫ్యాక్టరీ ఇంజనీర్లు ఎదురుచూపుకు ఒక్క అక్షరం ఇచ్చి ఊరుకున్నారు. అందులోని రకాల్ని విడదీసి చూసుకునే వీలు, ఈ బొమ్మ ప్రాజెక్టు నడిపే సాఫ్ట్‌వేర్‌లోకే వచ్చి చేరాక చిక్కింది. ఆ బొమ్మ అందం గురించే నేను చెప్పబోయేది.

ఈ గుర్తుల వేరు 1921 దాకా పోతుంది. ఆ ఏడాది ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు ఇదే సంఘం ముందు ప్రాసెస్ చార్టుల మీద ఒక పత్రం సమర్పించారు. ఫ్రాంక్ తాపీ పనితో జీవితం మొదలుపెట్టినవాడు. ఇటుక పేర్చడంలో మేస్త్రీ చేసే 18 కదలికల్ని ఐదుకు తెచ్చి పేరు పొందాడు. లిలియన్ మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ అందుకున్న విదుషి. చేతి కదలిక తెలిసిన మనిషీ మనసు కదలిక తెలిసిన మనిషీ కలిసి ఆలోచించిన బొమ్మ అది. ఒక పనిని బాగుచేయాలంటే ముందు అది మొదటి నుంచి చివరి దాకా ఒక్కచూపులో కనబడాలన్నది వాళ్ల వాదం.

కంటికి కట్టించడంలో దాన్ని మించిన బొమ్మ టయోటా పద్ధతుల నుంచి వచ్చింది. మైక్ రోథర్, జాన్ షుక్ 1998లో తెచ్చిన చిన్న పుస్తకంతో వాల్యూ స్ట్రీమ్ మ్యాప్ అన్న పేరు లోకానికి తెలిసింది. పెన్సిల్‌తోనే గీయమంటారు వాళ్లు. పైన కుడివైపు కొనేవాడు, ఎడమవైపు ముడిసరుకు ఇచ్చేవాడు, కింద వరసగా పని జరిగే పెట్టెలు, పెట్టెకూ పెట్టెకూ నడుమ సరుకు పేరుకున్న చోట త్రిభుజం. అన్నిటికీ అడుగున మెట్లుమెట్లుగా సాగే ఒక గీత. పై మెట్టు మీద ఆగిన కాలం రాస్తారు, కింది మెట్టు మీద పని జరిగిన కాలం. ఆ పుస్తకంలో ఉదాహరణగా తీసుకున్న ఫ్యాక్టరీ బొమ్మలో గీత చివర రెండు అంకెలుంటాయి. సరుకు లోపలికి వచ్చి బయటికి పోవడానికి పట్టిన మొత్తం కాలం 23.6 రోజులు. అందులో దాని మీద నిజంగా పని జరిగింది 188 సెకన్లు.

మూడు నిమిషాల పైచిలుకు పని కోసం మూడు వారాలు దాటిన ప్రయాణం! ఈ మాటే ఏ మీటింగులోనో చెబితే తలూపి మర్చిపోతాం. ఇక్కడ అలా కుదరదు. ఆ మెట్ల గీత వెంట కన్ను ఎడమ నుంచి కుడికి నడుస్తుంది, ప్రతి పై మెట్టు దగ్గరా కాసేపు నిలబడుతుంది, ఆ తర్వాతే అంకెలు ఎదురవుతాయి. అప్పటికి ఆలస్యం మన అనుభవంలోకి వచ్చేసి ఉంటుంది. విషయం తెలియడం ఒక ఎత్తు, అది మనలో కలగడం ఒక ఎత్తు. రెండోదాన్నే కదా మనవాళ్లు రసం అన్నది.

మనుషులూ విభాగాలూ పెరిగినకొద్దీ గుర్తుల భాష కూడా పెరిగింది. 2004లో మొదటి రూపు, 2011లో రెండో రూపు పొందిన బీపీఎంఎన్ ఇప్పుడు పెద్ద సంస్థల్లో చలామణీలో ఉన్న భాష. దాని గుర్తుల జాబితా చాలా పెద్దది, అంతా ఇక్కడ చెప్పడం అనవసరం. నన్ను కట్టిపడేసేవి రెండే. పని మొదలయ్యే చోట సన్నని అంచుతో వృత్తం, ముగిసే చోట మందపాటి అంచుతో వృత్తం. తేడా అంతే. దారిపొడవునా కూడబెట్టుకున్న బరువంతా మోస్తున్నట్టు ఆ చివరి వృత్తం నిండుగా నిలబడుతుంది. రెండోది గీతల నియమం. సంస్థ లోపల పని ఒక విభాగం నుంచి మరో విభాగానికి పోతుంటే నిండుగీత గీస్తారు. సంస్థ హద్దు దాటించి బయటివాళ్ల దాకా నిండుగీత లాగకూడదు. అక్కడ తెగుతూ తెగుతూ సాగే గీతే గీయాలి, అది కబురుకు గుర్తు. మన ఇంట్లో పని మనం నడిపించుకోగలం, పొరుగింటికి కబురు మాత్రమే పంపగలం. ఈ లోకజ్ఞానాన్ని గీత స్వభావంలోనే ఇమిడ్చిన వ్యాకరణం అది.

ఇన్ని అందాలున్నా ఈ కాగితం బొమ్మలకు ఒక దిగులుండేది, గీసిన మర్నాటి నుంచే అవి పాతబడేవి. ప్రాజెక్టు మొదట్లో విజియోలో పెట్టెలు తీర్చిదిద్ది, రంగులు వేసి, డాక్యుమెంటులో అతికించి షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టేవారు. పని మాత్రం ఈమెయిళ్లలో, ఎక్సెల్ షీట్లలో, కాఫీ మెషిన్ దగ్గర మాటల్లో తన దారిన తాను పోయేది. ఆడిట్ నాడు తప్ప ఆ బొమ్మకూ పనికీ ముఖాముఖి లేదు. ప్రాజెక్టు నడిపే సాఫ్ట్‌వేర్లలో చాలాకాలం ముందుగా కనబడింది గాంట్ చార్టు. పోలండ్ ఇంజనీరు కరోల్ ఆడమియెట్స్కీ 1896లోనే ఆలోచించిన రూపానికి హెన్రీ గాంట్ తర్వాత తన పేరు తెచ్చిపెట్టాడు. నాకు ఆ చార్టు మీద గౌరవమే. కానీ అందులో ప్రతి పనీ ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండుగా రంగు పూసిన పట్టీ. పది రోజుల పట్టీలో ఎనిమిది రోజులు ఎవరి జవాబు కోసమో ఆగినా రంగు అంతే చిక్కగా ఉంటుంది. డి అన్న గుర్తుకు అక్కడ చోటే లేదు.

బొమ్మనూ పనినీ ఒకే చోటికి తెచ్చినవాటిలో అందరికీ తెలిసిన పేరు జిరా. సిడ్నీలో పుట్టిన అట్లాసియన్ సంస్థ 2002లో దాన్ని విడుదల చేసింది, మొదట్లో ప్రోగ్రాముల్లోని తప్పుల లెక్క చూసుకోవడానికి. ఇవాళ మాదాపూర్‌లో గానీ, మనవాళ్లు పనిచేసే డల్లాస్ ఆఫీసుల్లో గానీ "జిరాలో పెట్టావా?" అన్నది పొద్దున్నే వినబడే ప్రశ్న. రోజంతా దాన్ని వాడేవాళ్లలో కూడా ఎక్కువమంది చూడని ఒక తెర అందులో ఉంది. సెట్టింగుల లోపల, అడ్మిన్‌లు మాత్రమే వెళ్లే చోట, వర్క్‌ఫ్లో బొమ్మ ఉంటుంది. స్టేటస్‌లు పెట్టెలు, ఒక స్టేటస్ నుంచి మరొకదానికి మారే వీలు బాణం. ఇంకా మొదలుకానివి బూడిదరంగు, నడుస్తున్నవి నీలం, అయిపోయినవి ఆకుపచ్చ. ఈ మూడు రంగులతోనే సరిపెట్టుకోవడం నాకు ఎంతో నచ్చిన నిగ్రహం.

ఒక పెట్టె అంచు పట్టుకుని మౌస్‌తో ఇంకో పెట్టె దాకా గీత లాగితే, ఆ బాణానికి పేరు పెట్టమంటుంది. "రివ్యూకు పంపు" అని పేరు పెట్టి పబ్లిష్ చేస్తే, ఎక్కడో వైజాగ్‌లో కూర్చున్న డెవలపర్ తన పని తాలూకు టికెట్ తెరవగానే అదే పేరుతో ఒక ఎంపిక కనిపిస్తుంది. గీత చెరిపేస్తే ఆ ఎంపికా ఉండదు. చిత్రకళలో గీత దేన్నో సూచిస్తుంది, మ్యాపులో దారిని చూపిస్తుంది. ఇక్కడ గీతే దారి. పబ్లిష్ చేసిన క్షణం నుంచి దాని మీద పని నడుస్తుంది. బొమ్మకూ వస్తువుకూ మధ్య ఉండే ఆ కాస్త ఎడం కూడా చెరిగిపోయిన ఈ స్థితి ఎన్నిసార్లు చూసినా నాకు పాతబడలేదు.

బాణం మీద నొక్కితే లోపల ఇంకో పొర. ఈ దారిన ఎవరు మాత్రమే పంపగలరు, పంపే ముందు ఏ గడి నింపి తీరాలి, పంపిన వెంటనే తనంతట తానే ఏం జరగాలి, ఇలా షరతులు పెట్టుకోవచ్చు. రాసినవాళ్లే తమ కోడ్‌ను ఆమోదించుకోకూడదన్న నియమం పాలసీ పత్రంలో ఏ చివరి పేజీలోనో ఉంటే ఎవరికి గుర్తుంటుంది? బాణం మీద షరతుగా ఉంటే ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. వాచ్యమైనది ఒక సన్నని గీత. ఆ సంస్థ దేన్ని తప్పనుకుంటుందో, ఎవరి మాట మీద భరోసా ఉంచుతుందో, దేనికి భయపడుతుందో అంతా ఆ గీత వెనక ధ్వనిస్తుంది.

వెనక్కి వచ్చే బాణం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. టెస్టింగ్ పెట్టె నుంచి డెవలప్‌మెంట్ పెట్టెకు ఒంపు తిరిగి వచ్చే ఆ గీత లేని బొమ్మను నేను నమ్మను. అన్ని బాణాలూ ముందుకే పోతుంటే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ అందులో మనుషులు ఉండరు. వెనక్కి వచ్చే దారిని ముందే గీసి ఉంచడమంటే, పొరపాటు జరుగుతుందని ముందే ఒప్పుకుని, జరిగినప్పుడు తిరిగి రావడానికి మర్యాదైన దారి ఉంచడం. బొమ్మ కూర్పులోనూ దాని విలువ పెద్దది. కుడివైపుకే పరిగెత్తే గీతల మధ్య ఆ ఒక్క ఒంపు కన్నును ఆపి మళ్లీ మొదటికి తెస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం వర్క్‌ఫ్లో మార్చేటప్పుడు వస్తుంది. నడుస్తున్న ప్రాజెక్టుకు కొత్త వర్క్‌ఫ్లో తగిలించబోతే జిరా వెంటనే ఒప్పుకోదు. పాత బొమ్మలో ఉండి కొత్తదానిలో లేని స్టేటస్‌లను వరసగా చూపించి, వాటిలో ఇప్పుడున్న టికెట్లు ఇకపై ఎక్కడికి పోవాలో చెప్పమంటుంది. చెప్పందే ముందుకు కదలదు. కాగితం మీద పెట్టెను తీసేయడానికి రబ్బరు చాలు. ఇక్కడ పెట్టెను తీసేయాలంటే అందులో ఉన్నవాటికి చోటు చూపాలి. సంస్థలు విభాగాలు మూసేటప్పుడూ ఈపాటి మర్యాద పాటిస్తే ఎంత బాగుండును అని ఆ తెర వచ్చినప్పుడల్లా అనుకుంటాను.

టీమ్ రోజూ చూసే బోర్డు మీదికి వచ్చేసరికి ఇదే బొమ్మ నిలువు వరసలుగా, ఒక్కో టికెట్ ఒక్కో కార్డుగా పరుచుకుంటుంది. ఒక సెట్టింగు ఆన్ చేస్తే కార్డుల అడుగున చిన్న చిన్న చుక్కలు కనబడతాయి, కార్డు ఆ వరసలో ఎంతకాలంగా ఉందో చెప్పేవి. కదలని కార్డుకు చుక్కలు పెరుగుతూ పోతాయి. వరసకు ఇన్ని కార్డులకు మించకూడదని హద్దు పెట్టుకుంటే, దాటగానే ఆ వరస ఎర్రబడుతుంది. 1947 నాటి డి ఒకసారి గీస్తే అలాగే ఉండేది. ఈ చుక్కలకు కాలం తెలుసు.

మా టీమ్ బోర్డు మీద చాలాకాలం టెస్టింగ్ అని ఒకటే వరస ఉండేది. డెవలపర్లు పని అవగానే కార్డును అందులోకి జరిపేవారు. ఎప్పుడు చూసినా అక్కడ కుప్ప, స్టాండప్‌లో అందరి చూపూ టెస్టర్ మీదే. ఒకరోజు ఆ అమ్మాయి అంది, "అన్నా, ఇవి నా దగ్గర ఆగలేదు. బిల్డ్ సర్వర్ మీదికి రాందే నేనేం టెస్ట్ చెయ్యాలి?" ఆ వరసను మూడుగా విడదీశాం: డిప్లాయ్ కోసం, టెస్టింగ్‌కు సిద్ధం, టెస్టింగ్‌లో. కొద్ది రోజుల్లోనే మొదటి వరస ఎర్రబడింది, తక్కిన రెండూ దాదాపు ఖాళీ. బిల్డ్ పెట్టే అనుమతి ఒక్కరికే ఉందని, ఆ ఒక్కరూ వేరే ప్రాజెక్టు మధ్యలో వీలు చూసుకుని పెడుతున్నారని అందరికీ తెలిసిన సంగతే. తెలిసి ఉండీ కనిపించలేదు. వాసకసజ్జిక వేరు, విరహోత్కంఠిత వేరు అని పేరుపేరునా విడదీసినవాళ్ల చూపు ఎందుకు గొప్పదో ఆ బోర్డు ముందు నాకు బాగా తెలిసింది. ఎదురుచూపులన్నిటినీ ఒకే పేరుతో పిలిస్తే నింద ఎవరు దగ్గరగా కనిపిస్తే వాళ్ల మీద పడుతుంది.

ఈ చూపు సాఫ్ట్‌వేర్ రంగానికి అలవడిన కథలో మన హైదరాబాద్‌కూ చోటుంది. ఇక్కడి ఐటీ ఉద్యోగుల్లోనే చాలామంది ఈ సంగతి విని ఉండరు. 2004లో మైక్రోసాఫ్ట్ సొంత ఐటీ విభాగంలో ఎక్స్‌ఐటీ అనే చిన్న టీమ్ ఉండేది, వాడుకలో ఉన్న ప్రోగ్రాములకు మార్పులు చేర్పులు చేసేది. మేనేజర్ డ్రాగోస్ డుమిత్రియు అమెరికాలో, పనిచేసే ముగ్గురు డెవలపర్లు, ముగ్గురు టెస్టర్లు హైదరాబాద్‌లో. అడిగిన మార్పు చేతికి రావడానికి ఐదు నెలలు పట్టేది. డేవిడ్ ఆండర్సన్ సాయంతో డుమిత్రియు పని నడిచే దారిని పరికించి చూస్తే, వచ్చిన ప్రతి కోరికకూ అంచనా వేసి చెప్పాలన్న నియమమే టీమ్ కాలాన్ని తినేస్తోందని తేలింది. అంచనాలు మానేశారు. ఒకేసారి చేతిలో ఉండే పనికి హద్దు పెట్టారు. టెస్టర్లకు తీరిక ఉందని కనిపించాక అటువైపు ఒక స్థానాన్ని డెవలప్‌మెంట్‌కు మార్చారు. తర్వాత టీమ్‌ను కాస్త పెంచారు కూడా. 2005 చివరికి సగటున రెండు వారాల్లో మార్పు చేతికి అందేది. కోడ్ రాసే తీరూ టెస్ట్ చేసే తీరూ మారలేదు. ఆండర్సన్ 2010లో తెచ్చిన "కాన్‌బాన్" అనే పుస్తకంలో ఈ కథంతా ఉంది. అది చదివినప్పుడు నాకు గుండె నిండింది. ఆ ఆరుగురి చేతుల్లో నేర్పు మొదటి నుంచీ ఉంది, ఎదురుచూపుల కింద పడి కనిపించలేదు.

ఇక ఈ సాఫ్ట్‌వేర్ తనంతట తాను గీసే బొమ్మల్లో రాణి క్యుములేటివ్ ఫ్లో డయాగ్రమ్. అడ్డంగా రోజులు, నిలువుగా పనుల లెక్క. ఒక్కో స్టేటస్‌కు ఒక్కో రంగు పట్టీ, ఒకదాని మీద ఒకటి పడుకుని ఎడమ నుంచి కుడికి ఎగబాకుతుంటాయి. పట్టీని నిలువుగా కొలిస్తే ఆ రోజు అక్కడున్న పనుల సంఖ్య. అడ్డంగా కొలిస్తే ఒక పని దాన్ని దాటడానికి ఇంచుమించుగా పట్టే కాలం. ఒకే ఆకారంలో పరిమాణమూ కాలమూ రెండూ ఇమిడి ఉన్నాయి! చేతిలో ఉన్న పని, పని పూర్తయ్యే వేగాన్ని ఒక్కో పనికి పట్టే కాలంతో గుణిస్తే వచ్చేదానికి సమానమని 1961లో జాన్ లిటిల్ గణితంతో నిరూపించాడు. ఆ సూత్రం ఇక్కడ రంగులు కట్టుకుని కళ్లముందు నిలబడుతుంది. నడుస్తున్న పనుల పట్టీలు సమానమైన మందంతో పక్కపక్కనే పైకి సాగుతుంటే ఆ టీమ్ ఊపిరి నిమ్మళంగా ఉందని అర్థం. నడిమి పట్టీ ఉబ్బుతుంటే అక్కడేదో అడ్డుపడింది. సంక్రాంతి వారంలో పూర్తయిన పనుల పట్టీ పై అంచు చదునుగా పోతుంది, రిలీజ్ ముందు నిటారుగా లేస్తుంది. ఈ బొమ్మను ఎవరూ గీయలేదు. రోజూ కార్డులు జరిపిన చేతులన్నీ కలిసి, తెలియకుండానే గీశాయి.

అయితే మంచి బొమ్మలు అరుదు. క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్నాడు, ఈ కళకూ అదే కొలమానం. ఒక్కో అధికారి కోసం ఒక్కో స్టేటస్ చేర్చుకుంటూ పోయి, తెర పట్టనంత పెంచిన వర్క్‌ఫ్లోలు చూశాను. ఆ చిక్కులో పడలేక, చివరికి ఏ స్టేటస్ నుంచైనా ఏ స్టేటస్‌కైనా పోవచ్చని అన్ని పెట్టెలకూ దారి తెరిచేస్తారు. అప్పుడు బొమ్మ ఉన్నా లేనట్టే. అంతకంటే పెద్ద అనౌచిత్యం ఇంకొకటుంది. కార్డుల మీది చుక్కల్ని మనుషుల లెక్కలుగా మార్చి అప్రైజల్ నాడు బయటికి తీయడం. ఆ భయం ఒక్కసారి పుట్టిందంటే కార్డులు అబద్ధం చెప్పడం మొదలుపెడతాయి. పని ఆగిన చోటును చూపడానికి పుట్టిన గుర్తు ఇది, దాన్ని మనిషి మీద ముద్రగా వేయడం ఆ కళకు ద్రోహమని నా నిశ్చితాభిప్రాయం.

మీరు వాడేది జిరా కావచ్చు, అజూర్ డెవ్‌ఆప్స్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఈ వారంలో మీ అడ్మిన్‌ను అడిగి మీ ప్రాజెక్టు వర్క్‌ఫ్లో బొమ్మను పెద్ద తెర మీద తెరిపించండి. టీమంతా కూర్చుని ఒక పావుగంట దాన్ని చూడండి. మీ పని నిజంగా ఆగే చోటుకు అందులో పెట్టె లేకపోతే ఒకటి గీయండి. ఆ ఎదురుచూపు దేనికోసమో ఆ పేరే దానికి పెట్టండి.